కడుపునొప్పి మీ ఒక్కరిదే అనుకోకండి

ఆదివారం సాయంత్రం విశాఖ రుషికొండ బీచ్‌రోడ్డులో ఒకే బండి దగ్గర తిన్న నలభై మంది సోమవారం తెల్లారేసరికి ఎక్కడెక్కడ ఉంటారు? గాజువాక నుంచి బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు ఫస్టు షిఫ్టుకి వెళ్లిపోయి ఉంటారు. వ్యాను కట్టించుకుని వచ్చిన శ్రీకాకుళం కుటుంబం ఇల్లు చేరి ఉంటుంది. గీతం యూనివర్సిటీ పిల్లలు హాస్టల్లో, కొండ మీది ఐటీ కంపెనీల వాళ్లు ఎండాడ అద్దె గదుల్లో ఉంటారు. రాయగడ, జగదల్‌పూర్ల నుంచి వచ్చినవాళ్లు రైల్లో ఉంటారు. ఆ బండి మీద ఏదో ఒకటి చెడిపోయిందనుకుందాం. రాత్రికి అందరికీ వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. గాజువాక కుర్రాడు ఎండలో తిరిగాం, వేడి చేసిందనుకుంటాడు. శ్రీకాకుళం ఇల్లాలు దారిలో తిన్న పులిహోర మీద నెపం వేస్తుంది. పిల్లాడు సముద్రం నీళ్లు మింగాడని ఇంకో ఇంట్లో అంటారు. మరో ఇంట్లో దిష్టి తీస్తారు. మెడికల్ షాపులో రెండు మాత్రలు, కొబ్బరినీళ్లు, పెరుగన్నంతో బుధవారానికల్లా అందరూ లేచి తిరుగుతారు. నలభై మందికి ఒకేసారి వచ్చిందన్న సంగతి ఆ నలభై మందిలో ఒక్కరికీ తెలియదు. ఈలోగా సోమవారం సాయంత్రం అదే బండి దగ్గర మరికొందరు తింటారు.

బీచ్‌రోడ్డు పేరెత్తినందుకు బొంగులో చికెన్ అమ్మేవాళ్లు నా మీద కోప్పడకూడదు. నిప్పుల మీద అంతసేపు ఉడికి, పొగలు కక్కుతూ ఆకులోకి వచ్చే మాంసం గురించి నాకు పెద్ద భయం లేదు. దాని పక్కన పెట్టే పచ్చి ఉల్లిముక్కలు, వాటిని కోసిన చెక్క, ఆ చెక్క కడిగిన బకెట్టు నీళ్లు, వీటి గురించే అనుమానం. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు నిలవాలంటే సముద్రపు నీటి నాణ్యతను క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఉండాలి. మనం మునిగే నీటికి పరీక్ష ఉంది, ఒడ్డున పానీపూరీలో తాగే నీటిని రోజూ పరీక్షించే నాథుడు లేడు. ఆ పని చివరికి మన కడుపులే చేస్తున్నాయి. చిక్కల్లా ఫలితం ఎవరికీ చెప్పకపోవడంలోనే ఉంది.

ఎందుకు చెప్పం? ఈ పుస్తకంలో మొహమాటం గురించి చాలాచోట్ల మాట్లాడుకున్నాం గానీ, మొహమాటం ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఇదొక్కటే. "ఖాయంగా దానివల్లే అని ఎలా చెప్తాం?" అన్నది మొదటి అడ్డు. "పాపం చిన్న బండి, వాడి పొట్ట కొట్టినట్టవుతుంది" అన్నది రెండోది. "ఎవరికి చెప్పాలో ఏం తెలుసు, చెప్తే మాత్రం ఏం చేస్తారు" అన్నది మూడోది. మొదటిదే అసలు అడ్డు, అది తొలగితే మిగతావి వాటంతటవే సడలుతాయి. అందుకే ముందే చెప్పేస్తున్నాను: మీకు ఖాయంగా తెలియాల్సిన పనిలేదు. ఫుడ్ పాయిజన్ విషయంలో ఏ ఒక్కరికీ ఖాయంగా తెలియదు కూడా. ఒకేచోట తిన్న ఇద్దరికో, అంతకు మించో ఒకే రకం జబ్బు చేస్తే వైద్యులు దాన్ని అవుట్‌బ్రేక్ అంటారు. ఆ రెండో మనిషి ఎవరో మీకు తెలియదు, అతనికి మీరు తెలియదు. ఇద్దరి సంగతీ ఒకే బల్ల మీదికి వస్తే తప్ప ఆ బల్ల దగ్గర కూర్చున్న అధికారికి ఏమీ కనిపించదు.

2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది గుర్తుచేసుకోండి. ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి పడిపోయారు. 5వ తేదీ రాత్రికే ప్రభుత్వాసుపత్రికి వరస కట్టారు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. కారణమేమిటో రోగులకే కాదు, వైద్యులకీ అంతుపట్టలేదు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపింది. ఇక్కడ మనకు కావలసింది కారణం కాదు. ఏలూరులో ఏదో జరుగుతోందని లోకానికి గంటల్లో తెలిసిపోయింది, ఎందుకంటే అందరూ ఒకే ఊరివాళ్లు, అందరూ ఒకే ఆసుపత్రికి వచ్చారు. ఏమిటో తెలియకుండానే ఏదో ఉందని పట్టుకోగలిగారు.

ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురు సంఘటన. మన పక్కనే, అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో, 2024 ఆగస్టులో జరిగింది. అనుమతి లేకుండా నడుస్తున్న ఒక హాస్టల్లో మన్యం నుంచి వచ్చిన గిరిజన పిల్లలు ఉండేవారు. శనివారం, 17వ తేదీన, బయటి నుంచి తెచ్చిన తిండి తిన్నారు. సమోసాలని పత్రికలు రాశాయి. ఆ రాత్రే వాంతులు మొదలయ్యాయి. మర్నాడు చాలామంది పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. చింతపల్లి వైపు కొందరు, కొయ్యూరు వైపు కొందరు, కొండదారుల్లో ఎవరి ఊరికి వాళ్లు చేరారు. సోమవారానికి ముగ్గురు పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చింది. అప్పుడు మిగిలినవాళ్లను వెతికి వెతికి నర్సీపట్నం, అనకాపల్లి ఆసుపత్రులకూ, విశాఖ కేజీహెచ్‌కూ తరలించారు. ఒకే కప్పు కింద వాంతులు చేసుకుంటున్న పిల్లల్ని చూస్తే ఎవరికైనా అర్థమయ్యే విషయం, పిల్లలు చెదిరిపోయేసరికి పది ఊళ్లలో పది వేరువేరు జ్వరాలుగా మారిపోయింది. శనివారం రాత్రి దగ్గర్లోని పీహెచ్‌సీకి ఒక్క ఫోను వెళ్లి ఉంటే? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ వాంతులయ్యే పిల్లల్ని ఇంటికి పంపడం వైద్యం కాదు, కళ్ల ముందున్న ఆధారాన్ని చెదరగొట్టడం. హాస్టల్లో చదివే పిల్లలున్న ప్రతి తల్లీతండ్రీ ఈ మాట పట్టుకోవాలి. ఫోనులో మీ అమ్మాయి "కడుపు నొప్పమ్మా" అంటే "మందేసుకో" అని పెట్టేయకండి. "నీ గదిలో ఇంకెవరికైనా ఉందా? రాత్రి ఏం పెట్టారు? నువ్వు తిన్నావా, నీ పక్క పిల్ల తిన్నదా?" అని అడగండి. ఇంకొకరికీ ఉందని తెలిస్తే వార్డెన్‌తో ఆగిపోకుండా 104కి చెప్పండి.

హైదరాబాద్‌ది ఈ రెంటికీ నడిమధ్య కథ. 2024 అక్టోబరు చివర, బంజారాహిల్స్ దగ్గర నందినగర్ వారపు సంతలో మోమోలు తిన్నవాళ్లు వేరువేరు ఆసుపత్రుల్లో చేరారు. ఏ ఆసుపత్రికి దాని రోగులే కనిపించారు. ఒక మహిళ చనిపోయింది, ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. అప్పుడు గానీ చుట్టుపక్కల పదుల సంఖ్యలో ఉన్న మిగతావాళ్లంతా ఒకే బండి తిండి తిన్నవాళ్లని బయటపడలేదు. ఆ నెల 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. తనిఖీల్లో చూసినవాటితోపాటు ప్రజల నుంచి వచ్చిన ఫిర్యాదులను కూడా ఆ ఉత్తర్వు కారణంగా చూపింది. కొన్ని నెలలుగా ఎక్కడెక్కడో ఎవరెవరో చేసిన ఫిర్యాదులన్నమాట. ఫోను పెట్టేశాక "దీనివల్ల ఏమవుతుందిలే" అని వాళ్లలో చాలామంది అనుకునే ఉంటారు.

మొహమాటం మన ఒక్కరి సొత్తేమీ కాదు. న్యూయార్క్‌లో 311 అనే నంబరుకు ఫోను చేసి ఫుడ్ పాయిజన్ గురించి చెప్పవచ్చని ఊరందరికీ తెలుసు. అయినా అక్కడి ఆరోగ్యశాఖ 2012-13లో రెస్టారెంట్ల మీద జనం రాసిన దాదాపు 2,94,000 సమీక్షలను జల్లెడ పడితే, ఈమధ్యే తిని జబ్బుపడ్డామని చెప్పేవి 468 దొరికాయి. వాటిలో 97 శాతం సంగతులు 311కి చేరనే లేదు. ఆ సమీక్షల ఆధారంగానే అంతకు ముందు ఎవరికీ తెలియని 3 అవుట్‌బ్రేకులు బయటపడ్డాయి. తోటి తిండిపోతులకు చెప్పడానికి లేని మొహమాటం సర్కారుకు చెప్పడానికే వస్తుందన్నమాట. ల్యాబులో ఖాయమైన ఒక్కో సాల్మొనెల్లా కేసు వెనక బయటికి రానివి 29 దాకా ఉంటాయని అమెరికా సీడీసీ అంచనా. మన దగ్గరా ఇంతే. వాట్సాప్ స్టేటస్ పెడతాం, గూగుల్‌లో ఒక్క స్టార్ ఇస్తాం, డెలివరీ యాప్‌లో పోట్లాడి డబ్బు వెనక్కి తెచ్చుకుంటాం. రీఫండ్ పడగానే కోపం చల్లారుతుంది. జిల్లా వైద్యాధికారికి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇక ఆ బండివాడి పొట్ట కొట్టే సంగతి. పేరూ ఫోటోతో స్టేటస్ పెడితే నిజంగానే పొట్ట కొట్టినట్టు, అదీ విచారణ లేకుండా. అధికారికి చెప్పడం అలాంటిది కాదు. వచ్చినవాళ్లు నీళ్లు ఎక్కడివి, ఐసు ఎక్కడిది, గుడ్లు, మాంసం ఎవరు వేశారు అని అడుగుతారు. తప్పు చాలాసార్లు బండి దగ్గర ఉండదు, బండికి సరుకు వేసేవాడి దగ్గర ఉంటుంది. ఒకే మయోనీజ్ డబ్బా, ఒకే ట్యాంకరు నీళ్లు ఇరవై బండ్లకు వెళ్తాయి. ఆ ఇరవై మందినీ కాపాడే దారి మూలాన్ని పట్టుకోవడం ఒక్కటే. స్టేటస్ పెట్టి ఒక బండిని మూయిస్తే మిగతా పందొమ్మిది బండ్ల మీద ఆ డబ్బా అలాగే ఉంటుంది.

నెపాన్ని ఎప్పుడూ ఆఖరి భోజనం మీదికి తోసేయడం మనకు అలవాటు. ఇది మార్చుకోవలసిన అలవాటు, కాస్త గడియారం చూడటం నేర్చుకోవాలి. తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల్లోపు కడుపు తిప్పి భళ్లున వాంతులైతే, ముందే తయారై ఉన్న విషం కడుపులోకి వెళ్లిందని అర్థం. చేతి పుండు నుంచో, ముక్కు నుంచో చేరిన స్టెఫైలోకాకస్ అలాంటిది. వండి గంటల తరబడి బయట వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సిరియస్‌దీ ఇదే తీరు, నిన్నటి అన్నంతో చేసిన ఫ్రైడ్‌రైస్ దీనికి పేరుమోసింది. పెద్ద గుండిగలో వండి నెమ్మదిగా చల్లారిన మాంసం కూరలోని క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ 6 నుంచి 24 గంటలు తీసుకుంటుంది. పెళ్లి భోజనాల మర్నాడు బంధువులందరికీ విరేచనాలైతే దీన్ని అనుమానించాలి. నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు. సాల్మొనెల్లా ఆరు గంటల్లోనూ చూపించగలదు, ఆరు రోజులకీ చూపించగలదు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ అయితే 15 నుంచి 50 రోజుల దాకా ఆగుతుంది, అప్పటికి ఏం తిన్నామో ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఎవరైనా అడిగినప్పుడు ఆఖరి భోజనం ఒక్కటే కాదు, వెనక్కి మూడు రోజులవి చెప్పాలి. టీ, మజ్జిగ, ఐసు, పచ్చడితో సహా.

తీరప్రాంతంలో ఉన్నాం కాబట్టి చేపల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సూర, కానాగంతలు లాంటి చేపల్ని పట్టిన తర్వాత ఐసు సరిగా పడకపోతే వాటి కండలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని బాక్టీరియా హిస్టమిన్‌గా మార్చేస్తుంది. వాసనకి తెలియకపోవచ్చు. వేయించినా, పులుసులో మరిగించినా అది పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో ముఖం, మెడ ఎర్రబడతాయి, తల బద్దలవుతుంది, ఒళ్లంతా దురద, నోరు మండుతుంది. ఆసుపత్రికి వెళ్తే ఎలర్జీ మందు ఇస్తారు, తగ్గిపోతుంది. తగ్గింది కాబట్టి ఎలర్జీయే అని తేలిపోయిందనుకుంటాం. "మా ఆయనకి చేప పడదండీ" అని ఆ ఇంట్లో జన్మంతా చేప మానేస్తారు. ఆయనకి చేప నలభై ఏళ్లు పడింది, ఆ రోజే ఎందుకు పడలేదు? అదే బల్ల దగ్గర అదే చేప తిన్న బావమరిదికీ ముఖం ఎందుకు ఎర్రబడింది? ఇద్దరికి ఒకేసారి ఎలర్జీ పుట్టుకురాదు. అది ఆయన ఒంటి లోపం కాదు, ఐసు లేకుండా ఎండలో గడిపిన ఒక గంప చేపల లోపం. ఆ గంపలోని మిగతా చేపలు ఇంకెక్కడో అమ్ముడవుతున్నాయి. అది తన ఒంటి దోషమని సర్దుకుపోయిన ప్రతి మనిషీ ఆ గంపకి దారి వదిలినట్టే.

పెళ్లి భోజనాల విషయంలో మొహమాటం ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్లు ఫోనులో మాట్లాడుకోవడం మీరు వినే ఉంటారు.

"వదినా, మొన్న భోజనాల తర్వాత మీ వాళ్లకేమైనా తేడా చేసిందా?"

"అబ్బే, ఏం లేదు. పిల్లాడికే రాత్రంతా వాంతులు. ప్రయాణం బడలికలే."

"మా ఇంట్లో ముగ్గురికి."

"అయ్యో! నిజం చెప్పాలంటే మా అత్తగారికీ విరేచనాలు. పెళ్లివారికి తెలిస్తే ఏమనుకుంటారో, ఎవరికీ అనకు."

ఒక్క నిమిషంలో ఐదుగురు బయటపడ్డారు, మళ్లీ ఒక్క మాటతో దాక్కున్నారు. ఈ ఫోను పెళ్లివారికి చేయక్కర్లేదు, ఆరోగ్య సిబ్బందికి చేస్తే చాలు. ఆ సంభాషణలో రావలసిన మరో ప్రశ్న కూడా ఉంది: ఎవరికి బాగానే ఉంది? వాళ్లు ఏం తినలేదు? దర్యాప్తుకు వచ్చినవాళ్లు జబ్బుపడినవాళ్లతోపాటు పడనివాళ్లనీ అడుగుతారు. పనీర్ తిన్నవాళ్లలో ఎక్కువమందికి వచ్చి, తిననివాళ్లలో ఎవరికీ రాకపోతే, ల్యాబు జవాబు రాకముందే దారి దొరుకుతుంది. కాబట్టి "నాకేం కాలేదు, నన్నెందుకు అడుగుతున్నారు" అని విసుక్కోకండి. మీరు మజ్జిగ తాగలేదన్న ముక్క కూడా వాళ్లకి బంగారమే.

చెప్పడం ఎలా? డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే మొదలుపెట్టండి. "డాక్టరుగారూ, ఇలాంటివాళ్లు ఈ రెండు రోజుల్లో ఇంకెవరైనా వచ్చారా?" అని అడగండి, ఆ ప్రశ్నకి ఆయన ఆలోచనలో పడతారు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 35వ సెక్షన్ ప్రకారం, నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లో వైద్యులు ఫుడ్ పాయిజన్ కేసులు తెలియజేయాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) కోరవచ్చు. మరో మాట: యాంటీబయాటిక్ మింగకముందే మల పరీక్షకు నమూనా ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర ఒకటి రెండు వేసుకున్నాక ల్యాబులో క్రిమి దొరక్కపోవచ్చు.

తర్వాత సచివాలయంలోని ఏఎన్‌ఎంకో, ఆశాకో, జిల్లా వైద్యారోగ్య శాఖకో చెప్పండి. 2004 నుంచి దేశమంతటా ఐడీఎస్‌పీ అనే నిఘా కార్యక్రమం ఉంది. గ్రామంలో ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి, పీహెచ్‌సీ డాక్టరు అనుమానాన్ని బట్టి, ల్యాబు పరీక్షను బట్టి, మూడు దారుల్లో సమాచారం జిల్లా నిఘా అధికారికి చేరుతుంది. ఎక్కడైనా ఎక్కువైనట్టు కనిపిస్తే ర్యాపిడ్ రెస్పాన్స్ టీం కదులుతుంది. ఢిల్లీలో పత్రికలు, టీవీల వార్తలను గాలించే విభాగం కూడా 2008 నుంచి ఉంది, మన జిల్లా పేజీలోని చిన్న వార్త కూడా అలా దారి చూపవచ్చు. తిండి అమ్మిన చోటు గురించి అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100 ఉంది, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది. బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే ఫోటో తీసి ఉంచండి. ఊరు అడిగినప్పుడు మీ ఊరు కాదు, తిన్న ఊరు చెప్పాలి. జగదల్‌పూర్ వెళ్లి జగదల్‌పూర్‌లో ఫిర్యాదు చేస్తే రుషికొండకు అది చేరేసరికి పుణ్యకాలం దాటిపోతుంది.

మాటలు ఇలా ఉంటే చాలు: "ఆదివారం సాయంత్రం ఆరున్నరకి రుషికొండ బీచ్‌రోడ్డులో ఫలానా గుర్తుల దగ్గర మేం ఐదుగురం తిన్నాం. ముగ్గురు ఎగ్ రోల్ తిన్నారు, ఇద్దరు తినలేదు. తిన్న ముగ్గురికీ సోమవారం తెల్లవారుజామున వాంతులు, జ్వరం. తిననివాళ్లకి ఏమీ లేదు. అంతకు ముందు రెండు రోజులూ ఇంట్లోనే తిన్నాం." ఇందులో తిట్టు లేదు, తీర్పు లేదు, "వాడి వల్లే" అన్న మాట లేదు. ఉన్నవి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం, ఎన్ని గంటలకి. "వాణ్ని మూయించండి సార్" అని పది నిమిషాలు అరిచినవాడి కంటే ఈ ఐదు వాక్యాలు చెప్పినవాడితోనే అధికారికి పని.

చెప్పాక ఏమీ జరగకపోవచ్చు. ఎవరూ మీ ఇంటికి రాకపోవచ్చు. ఒక్క ఫిర్యాదుతో సాధారణంగా ఏమీ కదలదు, మీ సంగతి ఒక వరసగా నమోదై రెండోదాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అది తెలిసే చెప్పాలి. పిల్లలకైనా, ముసలివాళ్లకైనా నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, మూత్రం రాకపోయినా, చూపు రెండుగా కనిపించినా ఫిర్యాదు సంగతి తర్వాత, ముందు 108. మిగతావాళ్లకి ఓఆర్ఎస్ తాగించాక ఫోను తీసుకోవచ్చు.

మిగిలిన తిండి పారేయకండి. మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టి, "తినకూడదు" అని రాసి, తేదీ వేసి, ఫ్రిజ్‌లో వేరే అరలో ఉంచండి. దాని కవరు, బ్యాచ్ నంబరు కూడా దాచండి. కోర్టులో అది సాక్ష్యంగా నిలవదు. చట్టప్రకారం శాంపిల్ అంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు స్వయంగా తీసి, నాలుగు భాగాలు చేసి, సీలు వేసినదే. కానీ ఏ క్రిమి కోసం వెతకాలో, ఏ వంటకం నుంచి శాంపిల్ తీయాలో వాళ్లకి మీ డబ్బా చెప్పగలదు. అడుగుతారేమోనని నాలుగైదు రోజులు చూడండి, ఎవరూ రాకపోతే గట్టిగా కట్టి చెత్తబండిలో వేసేయండి. కుక్కలకు మాత్రం పెట్టకండి.